ఆఖరి బండి

ఈ మధ్య ఇన్‌బాక్స్ తెరిస్తే ఒకటే ప్రశ్న. "అన్నా, థార్ రెంట్‌కి తీసుకుని గ్యాంగ్‌గా లడఖ్ వెళ్దామనుకుంటున్నాం, మనిషికి ఎంత పడుతుంది?" అడిగినవాళ్లందరూ డబ్బుల లెక్కే అడిగారు. బురదలో దిగబడితే ఎవడు లాగుతాడు అని ఒక్కడూ అడగలేదు.

తప్పు పట్టట్లేదు. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల టెర్రస్‌ల మీద రాత్రి పదకొండు తర్వాత పుట్టినన్ని ట్రిప్పులు దేశంలో ఇంకెక్కడా పుట్టవు. పగలంతా మైత్రీవనం దగ్గర ఏదో ఒక కోర్సు, సాయంత్రం మాక్ ఇంటర్వ్యూ, రాత్రి హాస్టల్ సాంబారు. ఆ బతుకులో ఉండగా మన టెన్త్ క్లాస్‌మేట్ ఖార్దుంగ్ లా బోర్డు పక్కన నిలబడి ఫొటో పెడితే కడుపు మండదా మరి?

కానీ లెక్క వినండి. హైదరాబాద్ నుంచి మనాలి మీదుగా లేహ్‌కి ఒక వైపే దాదాపు 2,500 కిలోమీటర్లు. రానూపోనూ ఐదు వేలు. 2020 అక్టోబర్ 3న అటల్ టన్నెల్ తెరిచాక రోహ్‌తాంగ్ ఎక్కే పని తప్పింది. తొమ్మిది కిలోమీటర్లు కొండ కడుపులోంచి దూసుకెళ్లిపోవచ్చు. ఆ తర్వాత బారాలాచా లా, తంగ్లంగ్ లా మాత్రం ఎక్కాల్సిందే. తంగ్లంగ్ లా 5,300 మీటర్ల పైన ఉంటుంది. అక్కడ ఇంజన్‌కే ఊపిరాడదు, మనకేం ఆడుతుంది? పైగా బయటి రాష్ట్రం అద్దె బండితో లేహ్ చుట్టుపక్కల తిరుగుతామంటే అక్కడి టాక్సీ యూనియన్ వాళ్లు ఆపేస్తారు. కాబట్టి 'రెంట్ థార్ ప్లస్ లడఖ్' అనే కాంబినేషన్‌ని ముందు కొట్టేయండి.

మరేం చేయాలి? మన దగ్గరే ఒక కొండ ఎక్కి, గ్రూపు గ్రూపుగా నిలబడుతుందో లేదో చూసుకోవాలి. నన్నడిగితే గుడిస అంటా. మారేడుమిల్లి పైన, మన్యంలో, కళ్లు పట్టనన్ని గడ్డికొండలు. భద్రాచలం, చింతూరు మీదుగా వెళ్తే మారేడుమిల్లికే నాలుగొందల కిలోమీటర్ల పైమాట. అక్కణ్నుంచి పుల్లంగి దాటాక రోడ్డు పేరుకే రోడ్డు. మొన్న అక్టోబర్‌లో నాలుగు బండ్లు, పదమూడు మందిమి వెళ్లాం. ఈ వారం ఆ సంగతే.

ముందు బండ్ల గురించి చెప్పాలి, ఎందుకంటే కథంతా అక్కడే ఉంది. సొంత బండ్లు మూడు. ఐటీలో పనిచేసే ఒకన్న ఫోర్ బై ఫోర్ థార్, ఒక జిమ్నీ, ఎర్రగడ్డలో షెడ్డు నడిపే మెకానిక్ కాకా బొలెరో. నాలుగోది హాస్టల్ బ్యాచ్ నలుగురు కుర్రాళ్లు చందాలేసుకుని అద్దెకు తెచ్చిన థార్. ఎర్ర రంగు, బయటికి పొడుచుకొచ్చిన టైర్లు, పైన లైట్ల వరస. కాకా దాని చుట్టూ ఒక రౌండేసి, డోరు తీసి, గేరు రాడ్డు వైపు చూసి మూసేశాడు. "రెండో రాడ్డు లేదు బిడ్డా. గిది రెండు చక్రాల బండి" అన్నాడు.

చాలామందికి తెలియని సంగతి ఇది. థార్ అంటేనే ఫోర్ బై ఫోర్ అనుకునే రోజులు పోయాయి. 2023 జనవరి నుంచి వెనక చక్రాలకి మాత్రమే పవర్ వెళ్లే థార్ కూడా వస్తోంది. ధర తక్కువ, సిటీలో తిప్పుకోడానికి హాయి, అందుకే అద్దె షాపుల్లో అదే ఎక్కువ కనిపిస్తుంది. బురద కొండ ఎక్కాలంటే మాత్రం గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న రాడ్డు, దాని మీద ఫోర్ ఎల్ అనే గుర్తు ఉన్నాయా అని చూసుకోవాలి. ఫోర్ ఎల్ వేస్తే బండి నత్తలా నడుస్తుంది, కానీ నాలుగు చక్రాలూ నేలని పట్టుకుని నడుస్తాయి.

అద్దె బండి అయితే ఇంకో రెండు చూడండి. సెల్ఫ్ డ్రైవ్‌కి ఇచ్చే బండికి నల్ల ప్లేటు మీద పసుపు అంకెలుండాలి. తెల్ల ప్లేటు బండి చేతిలో పెట్టి "ఎవరైనా అడిగితే మా కజిన్‌దని చెప్పు బ్రో" అన్నాడంటే, ఏదైనా జరిగిన రోజు ఇన్సూరెన్స్ కంపెనీ చేతులు దులుపుకుంటుంది. సొంత వాడకానికి పాలసీ ఉన్న బండిని కిరాయికి తిప్పడమే రూల్‌కి విరుద్ధం. రెండోది, ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని వాగులో దించకండి. ఇంజన్‌లోకి నీళ్లు పోతే మామూలు పాలసీలో సాధారణంగా పైసా రాదు, ఇంజన్ ప్రొటెక్ట్ అని విడిగా కొనాలి. అగ్రిమెంట్‌లో చిన్న అక్షరాల్లో 'ఆఫ్-రోడింగ్ నిషేధం' అని కూడా ఉంటుంది. మా కుర్రాళ్ల అగ్రిమెంట్‌లోనూ ఉంది. చదివింది వాళ్లు కాదు, కాకా.

శనివారం తెల్లవారుజామున నాలుగింటికి ఎస్.ఆర్. నగర్‌లో ఉమేశ్‌చంద్ర విగ్రహం దగ్గర కలిశాం. 1999 సెప్టెంబర్ 4న ఆ ఐపీఎస్ ఆఫీసర్‌ని కాల్చి చంపింది అక్కడే. మా బ్యాచ్‌లో సగం మంది అప్పటికి పుట్టనే లేదు. వాళ్లకి అది 'స్టాచ్యూ దగ్గరికి రా మామా' అనే పాయింట్, అంతే.

కాన్వాయ్‌లో ముందు నడిచే బండిని లీడ్ అంటారు, ఆఖర్న వచ్చేదాన్ని స్వీప్. లీడ్ మా ఐటీ అన్న. రెండోది అద్దె థార్ అనుకున్నాం గానీ, ఘాట్‌లో దాన్ని మూడోదిగా మార్చి, జిమ్నీని ముందుకు పంపాం. స్వీప్ కాకా బొలెరో. నేను కాకా పక్క సీట్లో, చేతిలో వాకీటాకీతో. (446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ పవర్ సెట్లకి మన దేశంలో లైసెన్స్ అక్కర్లేదు. అంతకుమించినవి ఆన్‌లైన్‌లో చవగ్గా వస్తున్నాయని కొనకండి. అడవిలో ఫోన్ సిగ్నల్ చచ్చిపోయాక ఇదొక్కటే పలుకుతుంది.)

స్వీప్ బండి ఎక్కడానికి ఎవరికీ మనసొప్పదు. ముందు బండ్ల దుమ్మంతా మింగాలి, ఫొటోల్లో ఉండం. కానీ ట్రిప్పులో ఏం జరుగుతోందో పూర్తిగా కనిపించేది ఆ సీటు నుంచే. కాకా పెట్టిన రూల్ ఒకటే. ముందున్నవాడిని పట్టుకోవడం మీ పని కాదు, వెనకున్నవాడు మీ అద్దంలో కనపడటం మీ పని. మలుపు తిరిగాక వెనక బండి లైట్లు కనిపించకపోతే అక్కడే ఆగాలి. అలా ఆఖరివాడు ఆగితే, ఒకడి తర్వాత ఒకడు, ఎవరూ ఫోన్ చేయకుండానే లీడ్ దాకా అందరూ ఆగిపోతారు. సూర్యాపేట దాకా ఎవడూ పాటించలేదు. హైవే కదా, వంద కొట్టుకుంటూ పోయారు. ఖమ్మం దాటేసరికి ఒక బండి దారి తప్పింది. కొత్తగూడెం నుంచి అందరూ అద్దాలు చూసుకోవడం మొదలెట్టారు.

భద్రాచలం ఊరు దాటగానే ఎటపాక, అంటే ఆంధ్ర. 2014లో పోలవరం కోసం కలిపిన మండలాలవి, చింతూరు కూడా అందులోదే. చింతూరు తర్వాత ఘాట్. ఆకుపచ్చ తప్ప ఇంకో రంగు కనిపించదు. వెదురు పొదలు రోడ్డు మీదకి వంగి బండి టాపుని నిమురుతుంటాయి. మలుపులు మాత్రం చాలా ఘోరం, కొత్తవాళ్లు చీకట్లో ఎక్కొద్దు. మధ్యాహ్నం మూడింటికి మారేడుమిల్లి చేరాం. బొంగులో చికెన్ తిన్నాం. రీల్స్‌లో చూపించినంత సీన్ లేదనిపించింది నాకు. ఈ మాటకి గోదావరి వాళ్లు కొడతారని తెలుసు.

ఆ రాత్రి వాన పడింది. పెద్ద వానేం కాదు, రేకుల మీద గంటసేపు చప్పుడు. అప్పుడు మొదలైంది అసలు మీటింగ్. పొద్దున్న మన బండ్లలోనే ఎక్కాలా, లోకల్ జీపులు మాట్లాడుకోవాలా? కాకా మధ్యే మార్గం చెప్పాడు. "అద్దె బండి ఈడనే పెట్టుర్రి. మిగిలిన మూడింట్ల పదమూడు మంది పడతరు." లెక్క సరిపోయింది కూడా. కానీ హాస్టల్ బ్యాచ్ ఒప్పుకోలేదు. వాళ్ల బాధ నాకర్థమైంది. నెల రోజులు టిఫిన్లు మానేసి దాచిన డబ్బు అది. ఇద్దరికింకా ఉద్యోగం లేదు. "అన్నా, ఐదొందల కిలోమీటర్లు తోలుకొచ్చి, కొండ ముందర పార్క్ చేసి, వేరేవాడి వెనక సీట్లో కూర్చోడానికా?" అన్నాడు ఒకడు. చేతులెత్తమంటే కాకాకి, నాకు తోడు ఇంకో ఇద్దరు. మిగిలిన తొమ్మిది చేతులూ అటే లేచాయి. గ్రూప్ ట్రిప్‌లో వచ్చే చిక్కిదే. రోడ్డు ఎలా ఉందో చేతులెత్తించి తేల్చేస్తాం, బురదకి మాత్రం ఓటుండదు.

ఆదివారం తెల్లారకముందే బయల్దేరాం. చెక్‌పోస్టులో ప్లాస్టిక్ చూశారు, రాత్రి పైన ఉండకూడదని చెప్పి పంపారు. పుల్లంగి దాటాక ఆగి టైర్లలో గాలి తగ్గించాం, 32 నుంచి 22 పీఎస్‌ఐకి. గాలి తగ్గితే టైరు నేల మీద వెడల్పుగా పరుచుకుంటుంది, పట్టు పెరుగుతుంది. మళ్లీ తారు రోడ్డు ఎక్కేముందు నింపాలి కాబట్టి కంప్రెసర్ ఉండాలి. లీడ్, జిమ్నీ ఫోర్ ఎల్‌లో నెమ్మదిగా ఎక్కిపోయాయి. మా ముందున్న ఎర్ర థార్ మూడో మలుపులో ఆగింది. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. కుర్రాడు ఇంకా యాక్సిలరేటర్ నొక్కాడు. బండి ముందుకి కదల్లేదు, పక్కకి జారింది. ఒక చక్రం గాడిలో, ముక్కు గట్టు వైపు, తోక లోయ వైపు. దారికి అడ్డంగా తలుపు గడియ పెట్టినట్టు ఇరుక్కుపోయింది.

కిందికి దిగి ఏం చేద్దామా అని చూస్తుండగానే పైనుంచి హారన్ వినిపించింది. పాత కమాండర్ జీపు. మన్యంలో బస్సు, అంబులెన్సు, సరుకుల లారీ అన్నీ చాలాకాలం ఆ జీపులే. అందులో ఒక తల్లి, ముసలావిడ, తల్లి ఒళ్లో నాలుగేళ్ల పిల్లాడు. రెండు రోజులుగా జ్వరం, రాత్రి నుంచి కళ్లు తెరవట్లేదట. మారేడుమిల్లి ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. దారికి అడ్డంగా మా బండి.

నేను చాలా ట్రిప్పులు చూశాను గానీ, అంత నిశ్శబ్దం ఎప్పుడూ చూడలేదు. మా వాళ్లలో ఒకడు అప్పటిదాకా వీడియో తీస్తున్నాడు. ఫోన్ జేబులో పెట్టేశాడు, ఎవరూ చెప్పకుండానే.

కాకా ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. బొలెరో కింది వైపే ఉంది కదా. తాడు, పార, కంప్రెసర్ దింపించాడు. గట్టు అంచున చెయ్యి పట్టుకుని ముసలావిడని ఇవతలకి దాటించాం, పిల్లాడిని జీపు డ్రైవర్ ఎత్తుకొచ్చాడు. నేను నా సీటు ఇచ్చి దిగిపోయా. వెనక్కి తిప్పుకునే చోటు రెండు వందల మీటర్ల కింద ఉంది, అక్కడిదాకా బొలెరో రివర్స్‌లోనే వెళ్లింది, నేను ముందు నడుస్తూ సైగలు చేశా. బండి తిరిగి మలుపు దాటి కనపడకుండా పోయింది. ఆఖర్న రావాల్సిన బండి అందరికంటే ముందు కొండ దిగింది.

ఇక మిగిలింది ఎర్ర థార్. లీడ్ అన్న వాకీటాకీలో విని వెనక్కి నడిచి వచ్చాడు, పైనుంచి తన బండితో లాగేద్దామన్నాడు. జీపు డ్రైవర్‌కి నలభై ఏళ్లుంటాయేమో. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చెప్పులు విప్పి బురదలో దిగి, వంగి కింద చూసి తల అడ్డంగా ఊపాడు. "లాగకండి బాబూ. తోక తిరిగిపోయి లోయలోకి పోతాదండి. ముందుకి కాదు, ఎనక్కి తీద్దారి."

ఆ తర్వాత నలభై నిమిషాలు నేను నేర్చుకున్నది ఏ యూట్యూబ్ చానల్లోనూ లేదు. ముందు బండిలోంచి అందర్నీ, సామాన్లనీ దింపాడు. వెనక టైర్లలో ఇంకాస్త గాలి తీయించాడు. చక్రం కింద కాదు, చక్రం వెళ్లబోయే దారిలో బురద చెక్కించాడు. కత్తితో కొమ్మలు కొట్టుకొచ్చి, రాళ్ల మధ్య పరిచి, పైన మళ్లీ రాళ్లు పెట్టించాడు. బండి తోక లోయ వైపు జారకుండా తాడుని గట్టు వైపున్న చెట్టుకి కట్టించాడు. బంపర్‌కి కడదామన్న కుర్రాడిని ఆపి, ఛాసిస్‌కి ఉండే హుక్కు చూపించింది లీడ్ అన్న. బంపర్‌కి కట్టి లాగితే బంపరే ఊడి మనిషి మీదకొస్తుంది. తాడు బిగిసి ఉన్నప్పుడు దాని పొడవంత దూరంలో ఎవరూ నిలబడకూడదు, మధ్యలో ఒక తడి జాకెట్టో దుప్పటో వేయాలి, తెగితే కొరడాలా కొట్టకుండా. రివర్స్ గేరు, కాలు క్లచ్ మీద లేకుండా, బ్రేక్ తొక్కకుండా, ఇంజన్ తనే పట్టి దింపనివ్వడం. మొదటిసారి కదల్లేదు. రెండోసారీ కదల్లేదు. మూడోసారి కొమ్మలు పటపటమన్నాయి, బండి అంగుళం అంగుళం గాడిలోంచి బయటికొచ్చింది. తిప్పుకునే చోటు దాకా అలాగే వెనక్కి వెళ్లి ఆగింది.

ఆ పని మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోడానికి ఆగినప్పుడు హాస్టల్ కుర్రాడొకడు అడిగాడు, "అన్నా, మీరు రోజూ ఈ ఆఫ్-రోడ్‌లో ఎలా నడుపుతారు?" ఆయనకి మాట అర్థం కాలేదు. విడమర్చి చెప్తే నవ్వాడు. "మాకిదే రోడ్డండి. ఇది కూడా లేనప్పుడు డోలీయే."

డోలీ అంటే వార్తల్లో చూసి ఉంటారు. కర్రకి దుప్పటి కట్టి, అందులో గర్భిణినో రోగినో పడుకోబెట్టి, ఇద్దరు ముందూ వెనకా భుజాన మోసుకుంటూ కొండ దిగడం. మన్యంలో ఇప్పటికీ కొన్ని ఊళ్ల నుంచి అలాగే దిగుతున్నారు.

ఇంకో సంగతి చెప్పాలి, కాస్త తూర్పుకి వెళ్దాం. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్లే ఘాట్ రోడ్డు తెలుసు కదా, చలికాలం మంచు చూడ్డానికి బైకులేసుకుని వెళ్తాం. ఆ రోడ్డు వేయించడానికి గూడెం డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ కొండవాళ్ల చేత చాలీచాలని కూలికి బలవంతంగా చాకిరీ చేయించాడు. అప్పటికే 1882 మద్రాస్ అటవీ చట్టంతో పోడు మీద ఆంక్షలు. ఆ కోపం అల్లూరి సీతారామరాజు వెనక నిలబడింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడితో మొదలైన తిరుగుబాటుకి రోడ్డు కూడా ఒక కారణం అన్నమాట. సినిమాలో రామరాజుని చూసి విజిలేసిన మా కుర్రాళ్లకి ఈ రోడ్డు కథ ఎవరూ చెప్పలేదు. బడిలో నాకూ చెప్పలేదు లెండి, తర్వాత చదువుకున్నా.

జీపు ఖాళీగా బొలెరో వెనకే కిందికి వెళ్లిపోయింది, వాళ్లని మళ్లీ ఇంటికి తెచ్చుకోవాలి కదా. ఆయన డబ్బులు తీసుకోలేదు. నంబర్ మాత్రం ఇచ్చాడు.

గుడిస ఎక్కామా అంటే, కొందరం ఎక్కాం, నడిచి. పైకి చేరేసరికి మేఘాలు తేలిపోయి ఎండ వచ్చేసింది. అందరూ చెప్పే ఆ పాల సముద్రం మాకు దక్కలేదు. గాలి, గడ్డి, దూరంగా వరసగా కొండలు. దగ్గరికెళ్లి చూస్తే గడ్డి మీద టైరు గీతలు. దారి వదిలి వీడియో కోసం గడ్డిలోకి బండి తిప్పినవాళ్లవి. పాత గీత ఒకటి వాన నీళ్లకి కోసుకుపోయి చిన్న కాలవంత అయింది. హాస్టల్ కుర్రాడొకడు అందులో కాలు పెట్టి చూశాడు, మోకాలి కిందదాకా దిగింది. దానికీ ఫొటో తీశాడు గానీ, ఎక్కడా పెట్టినట్టు లేదు.

సోమవారం రాత్రి అద్దె బండి అప్పజెప్పేటప్పుడు షాపువాడు టార్చి వేసి కింద చూశాడు. ఎంత కడిగినా ఛాసిస్ సందుల్లో ఎర్రమట్టి పోలేదు. డిపాజిట్‌లోంచి నాలుగు వేలు కోశాడు. కుర్రాళ్లు నలుగురే భరించాలా, పదమూడు మందికీ పంచాలా అని గ్రూపులో రెండు రోజులు గొడవ. కాకా తన వాటా ముందే పంపేసేసరికి మిగిలినవాళ్లు నోరెత్తలేదు. తలా మూడొందల ఎనిమిది రూపాయలు పడింది.

జీపు అన్నకి సిగ్నల్ దొరకగానే ఫోన్ చేశాం, ఎత్తలేదు. మంగళవారం ఆయనే చేశాడు. మలేరియా అట, పిల్లాడికి మందులు పడ్డాయి, గంజి తాగుతున్నాడు. ఫోన్ స్పీకర్లో పెట్టి హాస్టల్ రూములో అందరం విన్నాం. జనవరిలో మళ్లీ వస్తామని కుర్రాళ్లు అరిచారు. "రండి బాబూ. ఆ ఎర్రబండి మాత్రం కిందే పెట్టేసి నా జీపెక్కండి. కిరాయి దగ్గర చూసుకుందారిలెండి" అన్నాడు.